మెషీన్ వచ్చింది, నీళ్ళు పోయే దారి లేదు: నా అనుభవం

2025 జూన్ 6, శుక్రవారం మధ్యాహ్నం అమలాపురం నుంచి ట్రాలీ ఆటోలో మా కొత్త వాషింగ్ మెషీన్ వచ్చింది. అది నమ్మకంగా ఉతకడం మొదలుపెట్టింది జూలై 4 సాయంత్రం. మెషీన్‌లో లోపమేమీ లేదు, లోపమంతా నీళ్ళు పోయే దారిలో ఉంది. కొనేముందు "నీళ్ళు ఎటు పోతాయమ్మా" అని నన్ను అడిగినవాళ్ళు లేరు, నాకూ తోచలేదు. ఆ నాలుగు వారాలు మేం పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని తేదీలతో సహా రాస్తున్నాను.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్ళుగా పెరటి వసారాలో సెమీ ఆటోమేటిక్ వాడుకున్నాం. దానికి నీళ్ళు తోడే పంపు ఉండేది కాదు. గొట్టం కింద పడేస్తే నీళ్ళు వాటంగా వసారా దిగి, అరటి పాదులోకి పోయేవి. ఆ నీళ్ళ గురించి ఒక్కరోజు కూడా ఆలోచించాల్సిన పని పడలేదు. కానీ తడిబట్టలు ఇటునుంచి అటు మార్చడం అత్తయ్యగారికి కష్టమైపోయింది, మోకాళ్ళ నొప్పులు. వానజల్లుకి వసారాలో మెషీన్ తుప్పు పట్టిపోయింది. మా వారు డబ్బు పంపి, ఈసారి ముందు తలుపుది, ఏడు కిలోలది తీసుకోమన్నారు. 29,800 అయింది. స్టాండుకి 1,100.

ఇంటిలోపలే పెట్టాలనుకున్నాం. స్నానాలగదిని ఆనుకుని చిన్న గచ్చు గది ఉంది, అందులో కుళాయి ఉంది. మెషీన్ పడుతుందో లేదో టేపుతో కొలిచాను. 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తుతో సహా, ముందే పెట్టించాను, 850 తీసుకున్నారు. నీళ్ళు వచ్చే కుళాయి చూశాను గానీ పోయే తూము వైపు చూడలేదు.

బిగించే అబ్బాయి మూడు రోజులకి, 9వ తేదీ సోమవారం వచ్చాడు. వెనకాల ఉన్న నాలుగు పెద్ద బోల్టులు తీశాడు. ఇవి ప్రయాణంలో డ్రమ్ము కదలకుండా పెట్టేవి, తీయకుండా ఆన్ చేస్తే మెషీన్ గంతులేస్తుంది, దాచుకోండి, ఇల్లు మారితే కావాలి అని చెప్పి నా చేతిలో పెట్టాడు. రసమట్టం పెట్టి కాళ్ళు సరిచేశాడు. అంతవరకు ఎంతో ఒద్దికగా చేశాడు. తర్వాత "డ్రెయిన్ ఎక్కడ మేడం?" అన్నాడు. గది మూలలో నేల మీదున్న నహానీ ట్రాప్ చూపించాను, అదే, స్టీలు జాలీ బిళ్ళ ఉంటుంది కదా, అది. గొట్టం తీసి దాని మీద పడేశాడు. ఖాళీ డ్రమ్ము రెండు నిమిషాలు తిప్పి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పాత మెషీన్‌కీ అలాగే ఉండేది కాబట్టి నాకు అనుమానమే రాలేదు.

మర్నాడు, మంగళవారం పొద్దున పిల్లల స్కూలు బట్టలు వేశాను. గంటా ఇరవై నిమిషాలు చూపించింది. గంట దాటింది. అంకె కదలదు. అద్దంలోంచి చూస్తే బట్టలు తడిసీ తడవనట్టు ఉన్నాయి, చొక్కా కాలరు మీద సబ్బుపొడి తెల్లగా అలాగే ఉంది. కుళాయి నుంచి నీళ్ళు పోతున్న శబ్దం మాత్రం ఆగకుండా వస్తోంది. వంగి చూస్తే నేలమీది గొట్టంలోంచి సన్నటి ధారగా శుభ్రమైన నీళ్ళు ట్రాప్‌లోకి పోతున్నాయి. ఇటు ఎక్కుతున్నవి అటు దిగిపోతున్నాయి. మేడమీద ట్యాంకు సగానికి వచ్చేసింది. చివరికి నీళ్ళు అందడం లేదని గుర్తు వేసి ఆగిపోయింది. ముప్పై వేలు పోసి చెడ్డ మెషీన్ తెచ్చుకున్నామేమోనని కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఫోన్ చేస్తే నాలుగు రోజుల తర్వాత వస్తామన్నారు. ఆ నాలుగు రోజులూ బండ మీద ఉతుక్కున్నాం.

14న ఇంకో అబ్బాయి వచ్చాడు. చూడగానే గొట్టం చేత్తో పైకెత్తి నడుం దగ్గర పట్టుకున్నాడు. ధార ఆగిపోయింది. "గొట్టం చివర నేల మీద ఉండకూడదు మేడం. రెండడుగుల పైన, మూడడుగుల లోపల ఉండాలి" అన్నాడు. డీజిల్ డబ్బాలో గొట్టం పెట్టి నోటితో ఒకసారి లాగి వదిలితే డబ్బా ఖాళీ అయ్యేదాకా కారుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. గొట్టం చివర డ్రమ్ములోని నీటిమట్టం కంటే కిందుంటే, పంపు ఆగినా నీళ్ళు ఆగవు. పాతదానికి పంపు లేదు, కిందపడేయక తప్పదు. కొత్తదానికి పంపు ఉంది, గొట్టాన్ని ఎత్తులో కట్టక తప్పదు. రెండింటికీ ఇంత తేడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నిలువు పైపు పెట్టించుకోండి, అది మా పని కాదు అని చెప్పి అతనూ వెళ్ళిపోయాడు. తప్పుపట్టడం లేదు, నిజంగానే అది వాళ్ళ పని కాదు. కానీ ఎవరి పనో కూడా ఎవరూ చెప్పరు. కొట్టువాళ్ళ పని గుమ్మం దాకా, బిగించేవాళ్ళ పని గొట్టం చివరిదాకా. ఆ తర్వాతి దారి ఇంటివాళ్ళదే.

16న ప్లంబర్‌ని పిలిచాను. ఒకటిన్నర అంగుళాల పైపు ఒకటి ట్రాప్‌లో నిలబెట్టి, చుట్టూ సిమెంటు పెట్టాడు. పైన మెషీన్ గొట్టం దూర్చి, వాసన రాదని టేపు చుట్టి, దానిమీద ఎంసీల్ మెత్తి మూసేశాడు. అరగంట పని, 650 రూపాయలు. మర్నాడు నాలుగు జతలు వేస్తే బాగానే ఉతికింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

జూన్ 21, శనివారం. సాయంత్రం వాన పడింది. రాత్రి ఎనిమిదిన్నరకి దుప్పట్లు, దిండు గలీబులు వేసి పిల్లలకి అన్నాలు పెడుతున్నాను. చేత్తో ఉతికే పాతపొడే కదా అని రెండు చెంచాలు ఎక్కువే వేశాను. మెషీన్ నీళ్ళు వదిలే మోత వినిపించింది, దాంతోపాటు స్నానాలగదిలో గుడగుడమని చప్పుడు. తలుపు తీస్తే అక్కడి తూములోంచి నురగ పొంగుతోంది, పాలు పొంగినట్టు. నురగ కింద నల్లటి నీళ్ళు. వెంట్రుకలు, ఎప్పటిదో షాంపూ ప్యాకెట్టు ముక్క, మురుగు వాసన. నేను పరిగెత్తి ప్లగ్గు పీకేలోపు నీళ్ళు గడప దాటి సామాన్ల గదిలోకి పోయాయి. అక్కడ గోడవార 25 కిలోల బియ్యం బస్తా ఉంది. అడుగు తడిసిపోయింది.

అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చీపురు పుచ్చుకుని నీళ్ళు తోయడం మొదలుపెట్టారు. వద్దు అత్తయ్యా, మీరు కూర్చోండి అన్నా వినలేదు. ఆవిడకి కష్టం తప్పిద్దామని తెచ్చిన మెషీన్, ఆవిడ చేత రాత్రి పదకొండింటి దాకా మురుగునీళ్ళు ఊడ్పించింది. నాకు ఏడుపు ఆగలేదు. బస్తా విప్పితే సుమారు పదిహేను కిలోలు వాసనొచ్చేశాయి, పొద్దున్నే పారబోశాం. అన్నం పారబోయని ఇల్లు మాది.

మర్నాడు పక్కింటి పిన్నిగారు సందులోకి పిలిచి చూపించారు. మా గోడ అడుగు నుంచి సబ్బునీళ్ళు ఊరి ఆవిడ మల్లెపాదులో నిలిచాయి. "ఏంటమ్మాయ్ ఇది, మురుగంతా మా వైపు వదిలేస్తే ఎలా?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా కూరగిన్నెలు మార్చుకున్న ఇళ్ళు. నాకు తలెత్తాలనిపించలేదు. చూసుకుంటాను పిన్నీ, రెండు వారాలు ఓపిక పట్టండి అన్నాను. ఆ రాత్రి మా వారు ఫోన్‌లో, మెషీన్ అమ్మేసి పాతది బాగుచేయించుకో అన్నారు. అలసటలో సరేనన్నాను కూడా. అత్తయ్యగారే ఒప్పుకోలేదు. "ఇల్లు కట్టిన మేస్త్రి బతికే ఉన్నాడు కదే, ఆయన్ని అడుగు" అన్నారు.

1998లో మా ఇల్లు కట్టిన మేస్త్రిగారు ఎక్కడో స్లాబు పనిలో ఉన్నారు. మూడు రోజులాగి 25న వచ్చారు. పైపు వైపు చూడనే లేదు. ముందు ఇంటి చుట్టూ తిరిగారు, రోడ్డు మీద నిలబడి ఇల్లు చూశారు, సైడు డ్రెయిన్‌లో కర్ర ముంచి చూశారు. తర్వాత తన సంచిలోంచి పారదర్శకంగా ఉన్న సన్నటి గొట్టం తీశారు, ముప్పై అడుగులుంటుంది. దాన్నిండా నీళ్ళు నింపి, ఒక చివర నన్ను స్నానాలగది తూము దగ్గర పట్టుకోమన్నారు, రెండో చివర తీసుకుని రోడ్డు మీద డ్రెయిన్ దగ్గరికి వెళ్ళారు. "కదపకండి అమ్మాయిగారూ, నీళ్ళు నిలబడనివ్వండి." గొట్టంలో నీళ్ళు కాసేపు పైకీ కిందికీ ఊగి నిలిచాయి. గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టమన్నారు. అక్కడ ఆయనా ఒక గీత పెట్టారు. గీతల నుంచి కిందికి టేపు పెట్టి కొలిచారు.

డ్రెయిన్ లోతు 18 అంగుళాలు. మా స్నానాలగది నేల ఆ డ్రెయిన్ అడుగు కంటే ఎత్తున్నది 7 అంగుళాలే. వాన పడితే డ్రెయిన్‌లో అడుగు లోతు నీళ్ళు నిలుస్తాయి, అంటే మా నేల కంటే 5 అంగుళాలు ఎత్తున. "ఇల్లు పల్లంలో కట్టలేదండి. రోడ్డే మెరకెక్కిపోయిందండి" అన్నారు. ఇల్లు కట్టినప్పుడు మట్టిరోడ్డు, పక్కన కచ్చా కాలువ. తర్వాత రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశారు, ఒకదానిమీద ఒకటి. డ్రెయిన్ రోడ్డుతోపాటు పైకి వచ్చింది, మా తూము పైపు మాత్రం 1998లో ఉన్నచోటే ఉంది. "ఈ డ్రెయిన్ వెళ్ళి పెద్ద డ్రెయిన్‌లో పడాలి, అది సముద్రంలో పడాలి. అక్కడ పోటు మీదుంటే ఇక్కడ నీళ్ళు కదలవండి. మీ పైపులో నీళ్ళెలా పోతాయి?" స్నానానికి పోసుకునే చెంబు నీళ్ళు మెల్లగా ఇంకి పోతున్నాయి గనక ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు. మెషీన్ అలా కాదు. నేను తర్వాత గొట్టం బకెట్‌లో పెట్టి చూశాను, ఇరవై లీటర్ల బకెట్ నిమిషం దాటీ దాటకుండానే నిండిపోయింది. ఆ ఊపుకి సగం పూడిన పాత పైపు తట్టుకోలేదు. పైగా ప్లంబర్ మెత్తిన ఎంసీల్ వల్ల గాలి ఆడక, దిగే నీళ్ళు, వాసన ఆపడానికి ట్రాప్‌లో నిలవ ఉండాల్సిన నీళ్ళని కూడా లాక్కుపోతున్నాయి. వాసన రాకూడదని మూశాడు, ఆ వారమంతా గదిలో వాసన అందుకే వచ్చింది. గొట్టం పైపులో జానెడు లోపలికి దిగాలి, చుట్టూ గాలి ఆడే సందు ఉండాలి.

ఇంకుడు గుంత తవ్వేద్దామని నేనే పట్టుబట్టాను. మేస్త్రిగారు వద్దన్నారు, నేను వినలేదు, ఆ తప్పు నాదే. 28న ఇద్దరు మనుషుల్ని పెట్టి పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య తవ్వించాను. మూడడుగులకి పలుగు పోటు దగ్గర్నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది, నల్లరేగడిలోంచి చెమట పట్టినట్టు. టీ తాగి వచ్చేసరికి గుంతలో మోకాలి లోతు. కాలువలకి నీళ్ళు వదిలేశారు, వానలు మొదలయ్యాయి, భూమే నిండుగా ఉంది, ఇక మన నీళ్ళు ఎక్కడ ఇంకుతాయి? 1,400 కూలి ఇచ్చి, ఆ గుంత పూడ్పించాను. మన లంకల్లో, కాలువ కింద ఊళ్ళలో ఇంకుడు గుంత మీద మెషీన్ ఆశ పెట్టుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. సెప్టిక్ ట్యాంకులోకి కలిపేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. అదీ మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ఒక్కసారే అన్ని నీళ్ళు పడితే ట్యాంకులో నీళ్ళు కలకబారి అడుగు మురికి పైకి వస్తుంది, వానాకాలంలో అది అసలే నిండుగా ఉంటుంది.

ఆయన చెప్పిన ఉపాయం నాకు మొదట అర్థం కాలేదు. "మెషీన్ నీళ్ళని మూడడుగులు పైకి తోస్తోంది కదండి. పైకొచ్చిన నీళ్ళని మళ్ళీ తూములోకి ఎందుకు దించడం? పైనుంచే బయటికి పంపేద్దాం." మెషీన్ నీళ్ళని స్నానాలగది తూముతో కలపకుండా వేరే లైను. జూలై 3, 4 తేదీల్లో పని జరిగింది. పంచాయతీలో అడిగి డ్రెయిన్ గోడకి గంటు పెట్టడానికి ఒప్పించుకున్నాం.

రెండంగుళాల నిలువు పైపు, దాని నోరు నేల నుంచి 36 అంగుళాల ఎత్తున. కింద నీళ్ళు నిలిచే వంపు పైపు. ఈ వంపులో నీళ్ళు నిలవ ఉంటేనే డ్రెయిన్ వాసన, బొద్దింకలు ఇంట్లోకి రావు. వంపు దాటాక, నేల నుంచి 16 అంగుళాల ఎత్తున గోడకి బొరియ కొట్టి బయటికి తీసి, సందు గోడ వెంబడి క్లాంపులు కొట్టి 75 ఎంఎం పైపు డ్రెయిన్ దాకా 24 అడుగులు తీసుకెళ్ళారు. అడుగుకి పావు అంగుళం వాటం, అంటే ఆ చివరికి వచ్చేసరికి 6 అంగుళాలు దిగుతుంది. పైపు చివర డ్రెయిన్ అడుగు నుంచి 17 అంగుళాల ఎత్తున, వాన నీటిమట్టానికి పైన, గట్టుకి ఒక్క అంగుళం కింద పడింది. క్లాంపు క్లాంపుకీ మేస్త్రిగారు రసమట్టం పెట్టి చూశారు. మధ్యలో ఒకచోట పైపు కుంగితే విప్పించి మళ్ళీ కొట్టించారు. కుంగినచోట పీచు ఆగుతుంది, పీచు ఆగినచోట పైపు పూడుతుంది అన్నారు. మలుపు దగ్గర ఒక మూత పెట్టించారు, విప్పి శుభ్రం చేసుకోవడానికి. ఎండకి పైపు పెళుసెక్కకుండా పెయింటు వేయించాను.

పైపులు, వంపు, క్లాంపులు, సొల్యూషన్, పెయింటు కలిపి 2,350. ప్లంబర్‌కి రెండు రోజులకి 1,500. ఈయన వేరే ఆయన, మేస్త్రిగారు తీసుకొచ్చారు. మేస్త్రిగారికి 1,000, అదీ నేను చేతిలో కుక్కితే తీసుకున్నారు. అంతా 4,850. మొదటే ఈ పని చేయించుకుంటే ఇంతే. మొదటి ప్లంబర్ 650, గుంత 1,400, బియ్యం, నాలుగు వారాల మనస్తాపం మాత్రం ఊరికే పోయాయి.

మెషీన్ ఆన్ చేయకముందు మేస్త్రిగారు ఒక పరీక్ష పెట్టారు. అందరూ కొనకముందే చేసుకోవాల్సిన పరీక్ష ఇది. రెండు బకెట్ల నీళ్ళు పక్కన పెట్టుకుని, గరాటు పెట్టి నిలువు పైపులో ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పోయమన్నారు. ఆయన డ్రెయిన్ దగ్గర, పిన్నిగారు సందులో, అత్తయ్యగారు స్నానాలగది తూము దగ్గర నిలబడ్డారు. పైపు నోటిలోంచి ఒక్క చుక్క వెనక్కి రాలేదు. "ఇక్కడేం లేదు" అని అత్తయ్యగారు, "మా వైపు పొడిగా ఉందమ్మాయ్" అని పిన్నిగారు. ఆ మాట విన్నాక నాకు కొండంత బరువు దిగింది. వాన పడుతున్న రోజు ఇలా రెండు బకెట్లు మీ తూములో గబగబా పోసి చూడండి. పొంగితే మెషీన్ కంటే ముందు మేస్త్రిని పిలవండి.

అప్పట్నుంచి కొన్ని అలవాట్లు చేసుకున్నాం. ముందు తలుపు మెషీన్‌కి చెప్పిన లిక్విడే వాడుతున్నాం, అదీ కొలిచి. చేత్తో ఉతికే పొడి నురగ ఎక్కువ చేస్తుంది, ఆ రాత్రి పొంగిందాంట్లో సగం ఆ నురగే. మెషీన్ అడుగున ముందువైపు చిన్న మూత ఉంటుంది, నెలకోసారి విప్పితే పీచు, చిల్లర, జడపిన్నులు వస్తాయి. కింద పళ్ళెం పెట్టుకుని విప్పాలి, లోపల చెంబెడు నీళ్ళుంటాయి. పైపు చివర నైలాన్ జాలీ కట్టాం. జూలై మధ్యలో ఒకసారి నీళ్ళు నెమ్మదించాయి, వెళ్ళి చూస్తే జాలీకి లోపలివైపు నూలు పీచు గూడు కట్టి ఉంది, జాలీ ఒక పక్క ఊడి లోపల చిన్న కప్ప కూర్చుని ఉంది. కొబ్బరిపుల్లతో మెల్లగా తీసి వదిలాను. ఇప్పుడు పదిహేను రోజులకోసారి జాలీ విప్పి కడుగుతున్నాను.

జూలై చివర్లో మూడు రోజులు విడవకుండా వాన పడింది. రెండో రోజు డ్రెయిన్‌లో నీళ్ళు పైపు చివరకి నాలుగంగుళాల కిందున్నాయి. గొడుగు వేసుకుని నిలబడి, మెషీన్ నీళ్ళు పడుతుంటే చూశాను. మూడో రోజు డ్రెయిన్ గట్టు దాటి రోడ్డెక్కింది, ఆ రోజు మెషీన్ వేయలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వస్తే అత్తయ్యగారు ఇప్పుడు ముందు అడిగేది, ఉతకాల్సిన బట్టలేమైనా ఉన్నాయా అని.

స్నానాలగది తూము మాత్రం ఇంకా అలాగే ఉంది. పెద్దవాన వస్తే దాంట్లోంచి నల్లనీళ్ళు ఎక్కుతున్నాయి, గుడ్డ చుట్టిన బిళ్ళ పెట్టి ఆపుతున్నాం. గది నేల ఎత్తు చేయాలి, పైపు మార్చాలి. భూమి ఆరాక, వేసవిలో కాలువలు కట్టేశాక వచ్చి చేస్తానని మేస్త్రిగారు మాటిచ్చారు. బియ్యం బస్తా ఇప్పుడు రెండు ఇటుకల మీద చెక్క వేసి, దాని మీద పెడుతున్నాం.